కడిగి బోర్లించిన కప్పులు

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు కరుణ ఫోన్ మోగింది. నా కూతురు మదనపల్లెలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఆ ఫోన్ ఎప్పుడు మోగినా నాకు ముందు చెడ్డవార్తే గుర్తొస్తుంది. చాలాసార్లు అది పెళ్లి సంబంధం వాకబో, ఇన్సూరెన్స్ క్లెయిమో అవుతుంది. ఆ రోజు మాత్రం నేను అనుకున్నదే అయింది.

"అక్కా, నేను హరితను. నా మీద దొంగతనం కేసు పెడతారంట. సాయంత్రం ఐదు గంటల వరకే టైము ఇచ్చినారు."

హరితది సదుం దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. అప్పట్లో ఆ హాస్టల్ వంట నాదే, కాబట్టి నా చేతి సంగటి తిని పెరిగిన పిల్లే. ఇప్పుడు పుంగనూరు అవతల ఒక ప్రైవేటు పరిశోధన పొలంలో ఫీల్డ్ అసిస్టెంటు. వాళ్ల వాడలో నెలజీతం ఎత్తిన మొదటి మనిషి ఆమె. కేసు అంటూ ఒకటి నమోదైతే ఆ జీతం పోవడమే కాదు, వచ్చే నెల చేరాల్సిన పీహెచ్‌డీ సీటు కూడా పోతుంది.

అల్లుడు ప్రకాష్ బాబు ట్యాక్సీ తీశాడు. నేను టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. కరుణ వద్దనలేదు. "ఇంట్లో ఉంటే ఇంకా ఎక్కువ బయపడతావు, పద మా" అని మాత్రం అంది.

పది ఇరవైకి దిగాం. డాక్టర్ జయరత్నం గేటు దగ్గరే ఉన్నారు. అరవైకి దగ్గరపడిన మనిషి, రెండు రోజులుగా నిద్రపోని కళ్లు. ఆ పొలంలో రాగి మీద పరిశోధన ఆయనదే.

"ఏం పోయింది సార్?" కరుణ నడుస్తూనే అడిగింది.

"పన్నెండు గడ్డి మొక్కలు."

నేను ఆగిపోయాను. గడ్డి కోసం పిల్లను పోలీసులకు అప్పగిస్తారా?

నా మొహం చూసి ఆయన నా వైపు తిరిగి చెప్పారు. "రాగి ఇద్దరు తల్లుల బిడ్డ అమ్మా. కణంలో ముప్పై ఆరు క్రోమోజోములు ఉంటాయి. ఎన్నో వేల ఏళ్ల కిందట రెండు గడ్డిజాతులు కలిసి, ఇద్దరి పద్దెనిమిదీ ఒకే మొక్కలో ఉండిపోయాయి. ఒక తల్లి మీకు తెలుసు. దారి పక్కన మొలిచే తిప్పరాగి. రెండో తల్లి ఎవరో ఇంతవరకూ తేలలేదు."

"తేలితే ఏమవుతుంది?" అన్నాను.

"ఒకే వంటింట్లో రెండు జతల గిన్నెలు చేరాయనుకోండి. కొన్నాళ్లకు ఏమవుతుంది? ఒక జతలో కొన్ని మూలపడతాయి, కొన్ని పోతాయి, కొన్ని వేరే పనికి వాడతాం. రాగి లోపల కూడా అదే జరిగింది. ఏది ఏ ఇంటి నుంచి వచ్చిందో తెలియాలంటే రెండు పుట్టిళ్లూ చూడాలి కదా. వాన లేకపోయినా రాగి ఎలా ఓర్చుకుంటుందో అప్పుడు తెలుస్తుంది. కుప్పం దగ్గర గుట్టమీద ఒక గడ్డి దొరికింది. పద్దెనిమిది క్రోమోజోములే, కానీ తిప్పరాగి కాదు. ఆ రెండో తల్లి కాకపోయినా, ఆమె చెల్లెలైనా కావచ్చు. జులై ఒకటిన పన్నెండు గింజలు పన్నెండు కప్పుల్లో వేశాం. పదో తారీఖున ఆకు కొనలు తీసి పరీక్షకు పంపాం. పద్దెనిమిదే అని తేలింది. మొన్న గురువారం పొద్దున తొమ్మిదింబావుకు నేను వెళ్లి చూస్తే కప్పులన్నీ ఖాళీ."

"మళ్లీ గింజలు?"

"లేవు. గుట్టను పోయినవారం రోడ్డు కోసం తవ్వేశారు."

మొక్కలు పెంచే నెట్ గుడిసె తలుపు మీద కాగితం అంటించి సంతకం చేసి ఉంది. గురువారం తొమ్మిదిన్నరకు తనే సీలు వేశానని, అప్పటినుంచి ఎవరూ లోపలికి పోలేదని జయరత్నం చెప్పారు. సీలు చించి, తాళం తీసి నెట్టారు. తలుపు రాలేదు. కరుణ భుజంతో తోసింది. అయినా రాలేదు.

"అమ్మను కూడా తెచ్చుకున్నారా మేడం? క్యారియర్‌తో సహా?"

వెనక నుంచి గొంతు. తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు. బెంగళూరు ఏజెన్సీ మనిషి వినోద్. యాజమాన్యం ఎప్పుడూ వాడే ఏజెన్సీయే, అతన్ని నిన్న పిలిపించింది. పుంగనూరు ముఖం చూడటం ఇదే మొదటిసారని నిన్న అందరికీ చెప్పుకున్నాడట.

"ఆకలేస్తే మీకూ పెడతాంలే అప్పా," అన్నాను.

"థాంక్సమ్మా. కానీ తినేంత పని లేదిక్కడ, కేసు నిన్ననే అయిపోయింది." మాట్లాడుతూనే అతను ముందుకొచ్చి, తలుపు అడుగున బూటు మొన పెట్టి కొంచెం పైకెత్తి తోశాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. "ఆరు నలభైకి ఆ అమ్మాయి తాళం తీసినట్టు రిజిస్టర్లో ఉంది. ఏడూ ఐదుకు గేటు దాటింది, చేతిలో పార్సిల్. ఎనిమిదీ యాభైకి తిరిగొచ్చింది. ఇంక మీరేం వెతుకుతారు?"

"పార్సిల్లో మట్టి నమూనాలు. బస్టాండులో ఇచ్చి రమ్మన్నది నేనే," అన్నారు జయరత్నం.

"పైన మట్టి. అడుగున ఏముందో మీరు చూశారా సార్?"

కరుణ లోపలికి నడిచింది. బల్లమీద ట్రే, దానిలో పన్నెండు ప్లాస్టిక్ కప్పులు. ప్రతిదానికీ ఒక చీటీ: కె.ఎస్-1, కె.ఎస్-2, అలా పన్నెండు వరకు.

"కె.ఎస్. అంటే?"

"కుప్పం సీడ్," అన్నారు జయరత్నం, కాస్త తొందరగా.

నేను కప్పులనే చూస్తున్నాను. దొంగతనం జరిగిన చోట చిందరవందర ఉంటుందనుకున్నాను. ఇక్కడ కప్పులన్నీ కడిగి, నీళ్లు ఓడేలా వరసగా బోర్లించి ఉన్నాయి. నలభై ఏళ్లుగా రోజూ రాత్రి నేను గిన్నెలు ఎలా బోర్లిస్తానో అలా.

"కరుణా," అన్నాను మెల్లగా. "దొంగ కప్పులు కడిగిపెట్టి పోతాడా?"

వినోద్ నవ్వాడు. "వేలిముద్రలు పోవాలని కడుగుతారమ్మా. సినిమాలు చూడరా?"

"వేలిముద్రల కోసమైతే కప్పులే తీసుకుపోయేది," అంది కరుణ. ఒక కప్పు తీసి వెలుతురుకు పట్టింది. అడుగున గీతలో ఎర్రటి ఒండ్రు. "సార్, ఈ గుడిసెలోకి నీళ్లు?"

"పై ట్యాంకు నుంచి. బోరు నీళ్లు."

"తేటగా ఉంటాయి కదా. ఈ కప్పులు కడిగింది పొలం కాలవలో. అంటే ట్రే ఇక్కడినుంచి బయటికి పోయింది, మళ్లీ లోపలికి వచ్చింది. వినోద్ గారూ, మీ కథలో ట్రే కదల్లేదు."

"ఐదు గంటలకు కంప్లైంటు పోతుంది. కథ నాదో మీదో అప్పుడు చూద్దాం," అని అతను బయటికి పోయాడు.

హరిత ఆఫీసు గది మూల స్టూలు మీద ఉంది. నన్ను చూడగానే లేచి, మళ్లీ కూర్చుంది. పిల్ల చిక్కిపోయింది. నేను క్యారియర్ విప్పబోతే కరుణ కళ్లతో వద్దంది.

"ట్రే బయట యాడ పెట్టినావు?" కరుణ మామూలు గొంతుతోనే అడిగింది.

"ఆ పొద్దు బయట పెట్టలేదక్కా."

"ఆరు యాభైకి పెట్టినావు. పార్సిల్ ఇచ్చి వచ్చేలోగా కప్పులు కాలవలో కడిగి ఉండాయి. అబద్ధం ఎవురి కోసం?"

హరిత నా వైపు చూసింది. ఆమె కళ్లు నిండాయి.

"నారుకు రోజూ రెండు గంటల ఎండ చూపించమన్నారు సార్. కాలవ మొదట్లో గెనిమ గట్టు మీద పెట్టినా. దగ్గరుండి కాపలా కాయాల. పార్సిల్ పని పడింది, పది నిముషాలే కదా అనుకున్నా. బస్సు లేటు. వచ్చి చూస్తే..."

"కప్పులు కడిగి బోర్లించి ఉండాయి."

"అవునక్కా. చూడగానే తెలిసిపోయింది, కలుపు తీసేటోళ్ల పని అని. ట్రే లోపల పెట్టి నోరు మూసుకున్నా. ఆ పొద్దు రాగి కయ్యలో సిద్దత్త, ఇంకా నలుగురు ఆడోళ్లు ఉండారు. సిద్దత్త మా ఊరామె. నేను నిజం చెప్తే వాళ్ల మీద పెడతారు కేసు. నాకంటే చదువుంది, ఇంకో పని దొరుకుతాదేమో. ఆమెకేం ఉండాది?"

కరుణ ఆమె ఎదురుగా కూర్చుంది. "ఆమెను అడిగినావా?"

"అడిగితే ఏం జేసిందో ఆమెకు తెలిసిపోతాది. బయపడి ఏమైనా జేసుకుంటే?"

అదే భయం నాకూ మొదటే వచ్చింది మరి.

"నీ నోట్‌బుక్ ఇయ్యి," అంది కరుణ. రోజూ మొక్కల గురించి రాసే పుస్తకం. పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. పదిహేడో తారీఖు: పన్నెండో కప్పు ఇప్పుడే మొలిచింది, సూదిమొనంత. పంతొమ్మిది: సారూ నేనూ కుప్పంలో. ఇరవై: ఆకులు వెడల్పయ్యాయి, ఒక్కరోజులో! సార్‌కు చెప్పాలి.

"చెప్పినావా?"

"చెప్పినా. ఎరువు పట్టిందిలే అన్నారు."

కరుణ గుడిసె రిజిస్టర్ కూడా తెరిచింది. పంతొమ్మిదో తారీఖు సాయంత్రం నాలుగూ పదికి ఒక నమోదు: ఫ్యాను రిపేరు. నాలుగూ ముప్పై ఐదుకు వెళ్లిపోయాడు. వాచ్‌మన్ తాళం ఇచ్చాడు. మాస్కు వేసుకున్న మనిషి, ముఖం గుర్తులేదన్నాడు.

పదకొండున్నరకు కయ్య దగ్గరికి వెళ్లాం. జయరత్నం గారూ వచ్చారు. సిద్దమ్మ సాలు మధ్యలో వంగి ఉంది. అరవై ఏళ్లుంటాయి, కొడవలి కన్నా చురుగ్గా ఉన్న మనిషి. కరుణ విషయం అడగ్గానే నడుం నిటారు చేసింది.

"దొంగతనమా? నాటితే దొంగతనమా? యా ఊరి నాయమమ్మా ఇది?"

"నాటినావా?" జయరత్నం గారు సాళ్లలోకి తొంగి చూశారు.

"నాటకుండా? కయ్యలో సందులు పడినాయి. ముప్పై, నలబై ఉంటాయి. పొద్దున వస్తే గెనిమ మొదట్లో నారు పెట్టి ఉండాది. గెనిమ మొదట్లో నారు పెడితే ఏమని అర్తం సారూ? సందులు పూడ్చమని. మా అమ్మ కాలం నించీ అంతే. ఎవురు పెట్టినారు, యాల పెట్టినారు అని ఎవురైనా అడుగుతారా? పూడ్చినాం. కప్పులు కూడా కడిగి పెట్టినాను, మళ్లీ పనికొస్తాయని. దానికి మెచ్చుకునేది పోయి!"

కరుణకు నవ్వు ఆగలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. చిన్నప్పుడు నిమ్మనపల్లె కయ్యల్లో నేనూ అదే చేసేదాన్ని. ఆ పొద్దు గట్టు మీద ట్రే నేను చూసినా ఒక్క క్షణం ఆలోచించకుండా నాటేసేదాన్ని.

"అన్నీ నాటినావా?"

"పదకొండు బాగుండాయి. ఒకటి పుల్ల మాదిరి సన్నగా ఉండాది. పారేయబుద్ధి గాలా, దాన్నీ కొసాన పెట్టినాను."

"ఇరవై మూడు రోజుల మొక్కలవి," అన్నారు జయరత్నం తలపట్టుకుని.

సిద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎవురు జెప్పింది? ఆ పదకొండూ పదైదు దినాల నారు. మంచి రాగి నారు."

"కాదమ్మా, జులై ఒకటిన గింజ వేసినట్టు రాసుకున్నాం."

"కాగితం నువ్వు సూస్కో సారూ. నారు నేను సూసినాను. నలబై ఏండ్లు సూస్తాండాను."

కరుణ నవ్వు ఆగిపోయింది. "అమ్మా, మళ్లీ జెప్పు. అది రాగేనా? వేరే గడ్డి గాదు గదా?"

"గడ్డయితే నేను నాటుతానా? పీకుతాను గానీ! కలుపు తీసేదాన్ని పట్టుకోని గడ్డి నాటినావంటే నవ్విపోతారు."

కరుణ జయరత్నం వైపు తిరిగింది. "సార్, విన్నారా? గురువారం పొద్దున ఆ కప్పుల్లో ఉన్నది మామూలు రాగి. పదైదు రోజుల నారంటే తొమ్మిదో తారీఖు ప్రాంతంలో గింజ వేసి, యాడో పెంచి తెచ్చినారు. పదో తారీఖున మీరు ఆకు పంపినప్పుడు అసలువే ఉన్నాయి. ఇరవైన హరిత చూసినప్పుడు ఆకులు మారిపోయాయి. దొంగతనం గురువారం జరగలేదు. పంతొమ్మిదిన జరిగింది. ఆ పొద్దు హరిత మీతోనే కుప్పంలో ఉంది."

ఆయన గట్టు మీద కూర్చుండిపోయారు.

"మరి పన్నెండోది?" అన్నాను నేను. ఎవరూ వినలేదు. నేను చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్లు ఎగదోపి సాల్లోకి దిగాను.

కాళ్లకు తడిమట్టి తగలగానే చేతులకు పాత పని గుర్తొచ్చింది. సందుల్లో నాటిన మొక్కల వేళ్ల దగ్గర కొబ్బరిపొట్టు ఉంది, కాబట్టి కప్పుల్లోవి తెలిసిపోతున్నాయి. మొదలు పట్టుకుని చూశాను. రాగి. తర్వాతదీ రాగి. పదకొండు లెక్కపెట్టాను, పదకొండూ రాగే. సాలు కొసన సన్నటి మొక్క. మూడాకులు. మొదలు పట్టుకున్నాను.

తిప్పరాగి మొదలు చదునుగా, తెల్లగా, నేలకు అతుక్కుని ఉంటుంది. పీకితే వేళ్లు తెగుతాయి గానీ రాదు. ఇది అలా లేదు. మొదలు గుండ్రంగా ఉంది. ఆకు అంచు వేలికి గరుకుగా తగిలింది. వంగి వాసన చూశాను. సిద్దమ్మ వచ్చి పక్కన కూర్చుని తనూ పట్టుకుని చూసింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"దీన్ని నేనెప్పుడూ పీకలేదు," అంది సిద్దమ్మ గుసగుసగా.

నేనూ పీకలేదు. నా పదో ఏట నుంచి ఇరవై రెండో ఏట వరకు పన్నెండు పైర్లకు కలుపు తీశాను. నా చేతికి కొత్త గడ్డి అంటూ మిగల్లేదనుకున్నాను.

పంతొమ్మిదిన దొంగ వచ్చినప్పటికి ఇది సూదిమొనంత మొలక. కప్పు ఖాళీ అనుకుని వదిలేసి ఉంటాడు.

"దొరికిందా?" గట్టు మీద నుంచి వినోద్ కేక. ఎప్పుడొచ్చాడో, జయరత్నం పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన ఆనందం పట్టలేక జరిగిందంతా అతనికి చెప్పేసినట్టున్నారు. "ఏదమ్మా అది?"

అతను అంత ఆత్రంగా అడగకపోయి ఉంటే చూపించేదాన్నే. ఏది విన్నా అందులో అన్నిటికన్నా చెడ్డది ముందు ఊహించుకోవడం నాకు అలవాటు. దీన్ని చూపిస్తే రేపటికి ఉండదు అనిపించింది. నా చెయ్యి దానంతట అదే పక్కకు జరిగింది. జానెడు దూరంలో, గట్టు అంచున, ఒక లేత తిప్పరాగి మొలక ఉంది.

"ఇదో, ఇదేనప్పా."

సిద్దమ్మ నోరు తెరిచింది. నేను ఆమె కాలు తొక్కాను. నోరు మూసి, దగ్గింది.

కరుణ వచ్చి ఆ మొలకను చూసింది, తర్వాత నన్ను చూసింది. జడకున్న ఎర్ర రబ్బరుబ్యాండు తీసి, ఒక పుల్లకు చుట్టి, తిప్పరాగి పక్కనే గుచ్చింది. "ఎవరూ ముట్టుకోకండి. భోజనాలు చేసి వచ్చి సార్ చేతులతోనే తీద్దాం," అంది అందరికీ వినిపించేలా.

ఒంటిగంటా పదికి అందరం షెడ్డుకు వెళ్లాం. నేను క్యారియర్ విప్పి హరితకు సంగటి పెట్టాను. పిల్ల రెండు రోజుల తర్వాత తిన్నది. నేను పై గిన్నె కడుక్కొస్తానని చెప్పి మళ్లీ కయ్యకు పోయాను. ఒకటిన్నరకు తిరిగి వచ్చాను. వచ్చేదారిలో వినోద్ ఎదురయ్యాడు, ఫోన్ మాట్లాడుతూ కయ్య వైపే పోతున్నాడు.

ఒకటీ యాభైకి కరుణ లేచింది. వెళ్లి చూశాం. ఎర్ర బ్యాండు పుల్ల ఉంది. పక్కన పిడికెడు గుంట, అంచులు కత్తితో కోసినంత శుభ్రంగా. గేటు దగ్గర వినోద్ కారు లేదు. స్టేషన్‌కు పోతున్నానని వాచ్‌మన్‌తో చెప్పాడట.

జయరత్నం గుంటలో చెయ్యి పెట్టి మట్టి కెలికారు. "అయిపోయింది. అది ఒక్కటే మిగిలింది..."

"అది తిప్పరాగి సారూ," అంది సిద్దమ్మ, ఇంక ఆపుకోలేక. "ఈ మహాతల్లి నా కాలు తొక్కి తొక్కి జంపింది."

నేను క్యారియర్ పై గిన్నె మూత తీశాను. తడిగుడ్డ, దాని మధ్య మట్టిముద్దతో మూడాకుల మొక్క. ఆయన వేలికొనతో ఒక ఆకును మెల్లగా తాకి చూశారు.

"ఎట్లా తెలుసు మా, అతనేనని?" కరుణ అడిగింది.

"తెలీదు. బయమేసింది, అంతే. నీకెట్లా తెలుసు?"

"తలుపు. గురువారం నుంచి సీలులో ఉన్న తలుపు. తాళం చేతిలో ఉన్న సారే తీయలేకపోయారు. పుంగనూరు మొదటిసారి చూసినాయన బూటుమొనతో లేపి తోసినాడు. ఆ తలుపుతో అతను ముందే ఒకసారి కుస్తీ పట్టి ఉండాల. పంతొమ్మిదిన, నాలుగూ పదికి, ఫ్యాను రిపేరు. కానీ తలుపు తీయడం నేరమని ఏ స్టేషన్లో రాసుకుంటారు? పదకొండు మొక్కలూ యాడున్నాయో తెలియాల కదా. ఇప్పుడు అతనే చూపిస్తాడు. దొరికినదాన్ని వాటి పక్కన పెట్టి చూసుకోవాలి మరి. పద్దెనిమిదా అని లెక్కపెడితే తిప్పరాగికీ పద్దెనిమిదే వస్తుంది. పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది."

"వెంట ఎవురు పోయినారు?" అన్నాను. అడుగుతుండగానే గేటు బయట మా ట్యాక్సీ లేదని చూశాను. "ప్రకాష్‌ను పంపినావా? ఒక్కణ్నే?"

"దూరం నుంచే వెంట పొమ్మని చెప్పినాలే మా. బ్రేకులు మొన్ననే మార్పించినాం."

ఆ రెండు గంటలు నేను ఎన్ని యాక్సిడెంట్లు చూశానో ప్రభువుకే తెలుసు. జయరత్నం గారు మాత్రం ఆఫీసుకు పోయి, యాజమాన్యంతో ఫోన్లో మాట్లాడి, టైపు చేసిన కంప్లైంటు కాగితం తెచ్చి హరిత ముందే నాలుగు ముక్కలు చేశారు. "నన్ను క్షమించమ్మా" అన్నారు. హరిత ఆ ముక్కలు ఏరి పుస్తకంలో పెట్టుకుంది. సిద్దమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "నేను నాటకపోయింటే ఆ దొంగ బయటపడేవాడా? కూలి కాకుండా ఇంకో పూట కూలి రావాల నాకు," అని గొణిగింది. హరిత ఏడుస్తూనే నవ్వింది.

నాలుగూ పదికి ఫోన్ మోగింది. కరుణ స్పీకర్ పెట్టింది.

"అత్తా, నేను బాగానే ఉండాను," అన్నాడు ప్రకాష్ బాబు ముందుగానే. "కారు బెంగళూరు దారి పట్టలేదు. పలమనేరు మీదుగా వచ్చి కుప్పంలో ఆగింది. ఒక చిన్న ఇల్లు, వెనక పచ్చ నెట్టు. ఒక మేడం తలుపు తీసింది. నేను గోడ పక్క నించి చూస్తాండాను. కప్పులు వరసగా ఉండాయి. పదకొండు."

జయరత్నం కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

"సార్," అంది కరుణ. "పొద్దున కె.ఎస్. అంటే కుప్పం సీడ్ అన్నారు. గుట్టమీద గింజ ఏరినవాళ్లు కవరు మీద తమ పేరులోని అక్షరాలే వేసుకుంటారని ఇందాక హరిత చెప్పింది. ఆ మేడం పేరేంటి?"

జయరత్నం కిటికీ వైపు తిరిగారు.

"కె. స్నేహ," అన్నారు చివరికి. "నా దగ్గర నాలుగేళ్లు పనిచేసింది. ఆ గడ్డిని మొదట చూసింది ఆమే. అచ్చుకు పంపిన పరిశోధన వ్యాసంలో... ఆమె పేరు నేను పెట్టలేదు."

హరిత తల ఎత్తి ఆయన్ని చూసింది. పుస్తకం గుండెకు హత్తుకుంది.

"ఇంకోటి, కరుణా," ఫోన్లో ప్రకాష్ గొంతు తగ్గించాడు. "కప్పుల్లో ఉండేటివి పచ్చగా లేవు. పదకొండూ ఎండిపోయినాయి, గడ్డిపోచల మాదిరి. ఆ మేడం ఏడుస్తాంది. ఆయన తెచ్చిన మొక్కను చూసి విసిరికొట్టింది. వాళ్లకు తెలిసిపోయింది అది గాదని. ఆయన కారు ఎక్కుతాండాడు. మళ్లీ మీ వైపే వస్తాడు."

కరుణ అప్పటికే రెండో ఫోన్‌లో పుంగనూరు స్టేషన్ నంబరు వెతుకుతోంది. జయరత్నం నా ముందుకొచ్చి రెండు చేతులూ చాపారు. "ఇవ్వండమ్మా, లోపల పెట్టి తాళం వేస్తాను."

నేను ఇవ్వలేదు. గిన్నె మూత తీసి చూశాను. మూడాకుల్లో ఒకటి వాలుతోంది. ప్రపంచంలో మిగిలింది ఇది ఒక్కటే. ఒకాయన పేరు కోసం తనదన్నాడు, ఒకామె పేరు కోసం దొంగిలించింది. నీళ్లు పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు.

"ఎవురిదనేది మీరూ ఆమే తర్వాత తేల్చుకోండి సార్," అన్నాను, వేళ్లు తడిపి మొదట్లో చుక్కలు రాలుస్తూ. "ముందు దీన్ని బతకనీండి."